కుంటెద్దుకు జొన్నలు

1986 మే 6, మంగళవారం

సదాశివ జనవరిలో ఫ్యాక్టరీ నుంచి తెచ్చిన డైరీ ఇది. అట్ట మీద ట్రాక్టరు బొమ్మ. నాలుగు నెలలుగా పల్లీల పొట్టు పోసుకోవడానికి తప్ప ఎవరూ దీన్ని ముట్టలేదు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ రేపటి పాఠం ఇవాళే రాసి పెట్టుకునేదాన్ని. రిటైరయ్యాక రేపటికి పాఠమే లేకుండా పోయింది. చదివేవాళ్ళు లేరు గనక అక్షరాలు గుండ్రంగా రాయనక్కర్లేదు, అదొక సుఖం.

కోడలు బాలమణి పొద్దుటి బస్సుకు పురుటికని న్యాల్‌కల్ వెళ్ళింది, వాళ్ళ అమ్మగారింటికి. ఇక ఇంట్లో ముగ్గురం. షిఫ్టుల్లో బతికే నా కొడుకు సదాశివ, నేను, నాలుగేళ్ళ మనవరాలు సంగి. ఝరాసంగం దేవుడి పేరు కలిసొచ్చేట్టు సంగమేశ్వరి అని పెట్టుకున్నాం. పూర్తిగా పిలవడానికి ఇంట్లో ఎవరికీ ఓపిక లేదు.

బాలమణి గడప దాటి మళ్ళీ వెనక్కొచ్చింది. "అత్తమ్మా, బూటు రోజూ తొడగాలె. ఏడ్చినా తొడగాలె."

"నాకు చెవుడు లేదు తల్లీ, బస్సు పోతది" అన్నాను.

రెండేళ్ళ కిందట వచ్చిన జ్వరం పోతూ పోతూ సంగి ఎడమకాలి బలాన్ని పట్టుకుపోయింది. బూటంటే సిటీ దవాఖానలో చేయించినది. రెండు పక్కలా ఇనుప కడ్డీలు, తొడదాకా తోలు పట్టాలు. అది తొడిగితే పిల్ల గోడ పట్టుకుని నడుస్తుంది. లేకపోతే కూచుని జరుగుతుంది.

ఇవాళ తొడగలేదు. ఎండకు ఇనుము కాలుతుంది.

మే 9

జొన్నబెండుతో కళ్ళద్దాలు చేశాం. ఎండిన జొన్నదంటు పైపొర గోటితో చీలిస్తే లోపల తెల్లటి బెండు, వెన్నంత మెత్తన. ఆ పైపొర చీలికలనే వంచి బెండులో గుచ్చితే గుండ్రాలు. గుండ్రాలకు రెండు కాళ్ళు. జిగురక్కర్లేదు, దారమక్కర్లేదు. దంటు తనను తానే కట్టుకుంటుంది.

సంగి చీలికలు అందిస్తే నేను గుచ్చాను. పూర్తయ్యాక ముక్కు మీద పెట్టుకుని, అద్దాలు లేని అద్దాల్లోంచి చాలాసేపు వాకిట్లోకి చూసింది. వేపాకు ఒకటి తిరుగుతూ తిరుగుతూ కిందికి దిగుతోంది. అది నేలను తాకేదాకా ఇద్దరం ఊపిరి బిగబట్టాం.

"అవ్వా, అన్నీ దగ్గరికొచ్చినయ్" అంది.

రావా మరి. మనం పోకపోతే అవే వస్తాయి. కాలికి నువ్వులనూనె మర్దన చేస్తుంటే బొటనవేలు కదిలింది. నేను చూశాను.

మే 13

బూటు తొడిగి చూశాను. వదులుగా ఉంది. వానలు పడ్డాక చూద్దాం.

మే 17

బీరువాలో మిగిలిన పాత పరీక్ష పేపర్లన్నీ మొన్ననే బానలో నానేశాను. తొమ్మిదో తరగతి సాంఘికశాస్త్రం, అర్ధ సంవత్సరం. వాటిలో పిల్లలు చేసిన తప్పులు నానడానికి మూడురోజులు పట్టింది, గట్టి తప్పులు. నానబెట్టిన మెంతులు కలిపి రోట్లో వేసి రుబ్బితే బూడిదరంగు ముద్ద. దాన్ని బోర్లించిన గిన్నె మీద మెత్తాలి. ఎండాక గిన్నె ఊడదీస్తే గంప. మా అమ్మ ఇట్లాంటి గంపల్లోనే అటుకులు పోసేది.

సంగి మోచేతులదాకా ముద్దలో మునిగి ఉండగా పక్కింటి మహబూబున్నీసా వచ్చింది. రంజాన్ ఉపవాసం, మూతి ఎండిపోయి ఉంది. నోరు మాత్రం ఎండలేదు.

"ఏంది టీచరమ్మా, ఇంట్ల కార్ఖానా పెట్టినవా?"

"నువ్వు చేరుతవా? జీతం లేదు, తిట్లుంటయ్."

"తిట్లు మా ఇంట్ల గూడ ఉన్నయ్ తియ్యి." గోడనీడన కూచుంది. సంగిని చూస్తూ, "బిడ్డను గల్లీలకు పంపియ్యరాదూ? మా రహమత్ రోజు అడుగుతది, సంగి ఏది, సంగి ఏది అని" అంది. రహమతున్నీసా దాని మనవరాలు. తొమ్మిదేళ్ళ పిల్ల, గల్లీ పిల్లలందరికీ సర్దారు.

"ఎండ" అన్నాను.

"సందెకాడ ఎండేడిది?"

"లారీలు."

"లారీలు బొంబాయి రోడ్డు మీద పోతయ్ గని మన గల్లీలకొస్తయా?"

"దుమ్ము" అన్నాను.

మహబూబున్నీసా కొంగు దులుపుకుంటూ, "అవ్ మల్ల, దుమ్ము ఒకటుంది" అని లేచి పోయింది. ఉపవాసం ఉన్నవాళ్ళతో వాదించకూడదు. వాళ్ళకు దేవుడి అండ ఉంటుంది.

మే 18

గంపకు పగులు లేదు. అంచు మాత్రం సంగి పళ్ళ వరసలా ఉంది. వాసన మెంతికూర పప్పులా ఉంది.

మే 24

ఈ రోజు దాచుకోదగ్గది. అందుకని రాస్తున్నాను.

కుంకుడుకాయలు నలగ్గొట్టి నీళ్ళలో వేశాం. బొప్పాయి ఆకు కాడ కోసుకొచ్చాను, లోపల బోలుగా ఉంటుంది. ముంచి, మెల్లగా ఊదమన్నాను. మొదట మింగింది. మొహం చూడాల్సిందే. తరవాత ఊదింది.

అట్లాంటి బుడగలు నేను చిన్నప్పుడు కూడా చూడలేదు. సందె వెలుగులో ఒక్కొక్కటి కాడ చివర బరువెక్కి, వణికి, విడిపోయి, ఎటు పోవాలో తెలియనట్టు కాసేపు నిలబడి, తరవాత లేచేది. ప్రతిదాన్లో మా వాకిలి ఉంది. వేపచెట్టుంది. బానెడు నీళ్ళ పక్కన తలకిందులుగా ఒక ముసలిది, దాని ఒళ్ళో ఒక పిల్ల. బుడగలో మాకు కాళ్ళు లేవు, ఇద్దరికీ లేవు. అట్లాగే తేలుకుంటూ పైకి పోయాం. నవ్వుకుంటూనే పోయాం. వేప కొమ్మ తాకి ఒక్కొక్కళ్ళం మాయమయ్యాం. మళ్ళీ కాడ చివర పుట్టాం. ఎంతసేపో తెలియదు. పొయ్యి మీద అన్నం మాడిందని ముక్కు చెప్పింది గాని లేవలేదు.

కొన్ని గోడ దాటాయి. గల్లీలో పిల్లలు కేకలు. "బుడగలు! టీచరమ్మ ఇంట్లకెల్లి బుడగలు!" గేటు సందుల్లో కళ్ళు, వేళ్ళు.

నేను బొప్పాయి కాడ ఇంకొకటి కోసి తెచ్చేలోపు సంగి గేటు దాకా జరిగిపోయింది. గౌను వెనకంతా మన్ను. ఒక చెయ్యి గేటు మీద.

ఎత్తుకొచ్చేశాను. గేటు గొళ్ళెం పెట్టాను. దుమ్ము.

మే 31

ఎదురింటి నాగవ్వ పెరుగు తోడుకని వచ్చింది. తోడు తీసుకుని పోదుగా. సంగిని చూసి, "అయ్యో!" అంది. దానికి ముందూ లేదు, వెనకా లేదు. చెంప మీద చెయ్యి వేసుకుని ఉత్త అయ్యో.

ఈ దేశంలో ఏ పన్నూ లేకుండా దొరికేది అదొక్కటే. సంక్రాంతికి ముందు బాలమణి సంగికి బూటు తొడిగి బస్టాండుకు తీసుకెళ్ళిన రోజు నేనూ వెంట ఉన్నాను. అరటిపండ్ల బండి దగ్గర ఒక అయ్యో. టికెట్ల దగ్గర ఒక అయ్యో. బస్సెక్కాక వెనక సీట్లో ఒక ముసలాయన మూడు. ఇంటికి వచ్చేసరికి నా పైట కొంగు నిండిపోయింది.

ఇంట్లో మాత్రం కొన్ని మాటలు నేను తీసేశాను. వసారాలో ఒక కాలు అరిగిన కుర్చీ ఉంది. దాన్ని ఊరంతా ఏమంటుందో నాకు తెలుసు. మా ఇంట్లో దాని పేరు ఊగే కుర్చీ.

మధ్యాహ్నం సదాశివ అన్నం తింటూ అడిగాడు.

"అమ్మా, బూటు తొడుగుతున్నవా?"

"తొడుగుతున్న."

"ఎప్పుడు?"

"నువ్వు డ్యూటీల ఉన్నప్పుడు."

"ఈ వారం నాది రాత్రి డ్యూటీ గదనే."

ఫ్యాక్టరీ చప్పుడుకు వాడి తెలివి ఇంకా మొద్దుబారలేదన్నమాట. మజ్జిగ పోశాను. వాడు మంచం కింద ఉన్న బూటు వైపు చూసి చెయ్యి కడుక్కున్నాడు. ఏదన్నా అనేవాడైతే బాగుండేది. జవాబు సిద్ధంగా ఉంది నా దగ్గర.

జూన్ 3

బొటనవేలు మళ్ళీ కదిలింది. సంగిని అడిగితే "నేను కదిలియ్యలే అవ్వా, నువ్వే కదిలిచ్చినవ్" అంది. పిల్లలకేం తెలుసు.

జూన్ 9

పండగ. మహబూబున్నీసా షీర్‌ఖుర్మా పంపింది, రహమత్ చేతికిచ్చి. గిన్నె ఖాళీగా పంపకూడదని సంగి బెండకాయ ముద్రలు వేసిన కాగితం చుట్టి ఇచ్చింది. బెండకాయ అడ్డంగా కోసి నీలిమందులో ముంచి అద్దితే పువ్వు. కాగితం నిండా పూలు, మధ్యలో ఒక బొటనవేలి ముద్ర. అది చందమామ అట.

రహమత్ కొత్త చెమ్కీ దుపట్టా వేసుకుని గేటు దగ్గరే ఊగుతూ నిలబడింది. "నానీ, సంగిని మా ఇంటికి తోలుకపోనా? ఎత్తుకొని పోత."

"ఎత్తుకునే ఈడు దాటింది."

"నడిపిచ్చుకుంట పోత మల్ల."

"పండ్లు తోముకున్నవా పొద్దున?" అన్నాను. ఏమీ తోచనప్పుడు టీచర్లు అడిగే ప్రశ్న.

జూన్ 14

న్యాల్‌కల్ నుంచి కబురు. మగపిల్లవాడు. తల్లీబిడ్డా క్షేమం. సదాశివ పొద్దున్నే వెళ్ళి సందెకు వచ్చాడు, మొహమంతా పళ్ళు చేసుకుని.

సంగి అంతా విన్నది. జుట్టుందా, నవ్విండా అన్నీ అడిగింది. చివరికి, "తమ్మునికి బూటు తెచ్చిన్రా?" అంది.

సదాశివ నా మొహం చూశాడు. "తేలేదు బిడ్డా. వానికి బూటు లేదు" అన్నాను.

"పాపం" అంది సంగి.

జూన్ 22, పున్నమి

రాత్రంతా వాన. పొద్దున ఊరు కడిగిన పలకలా ఉంది. ఏరువాక. ఎడ్ల కొమ్ములకు రంగులు పూసి గల్లీలోంచి తోలుకుపోయారు. గజ్జెల చప్పుడు పోయాక కూడా చాలాసేపు వినిపించింది నాకు. సంగికి కూడా వినిపించిందట. ఇద్దరం అబద్ధమాడామో, ఇద్దరం విన్నామో.

వియ్యాలవారి చేనికని ఇంట్లో ఉంచిన విత్తనపు అల్లం మూటలోంచి పోయిన నెల ఒక కొమ్ము దొంగిలించి, దానికి గుడ్డపేలిక చుట్టి, బొమ్మ చేసి ఇచ్చాను. అల్లం కొమ్ములో చూసేవాళ్ళకు ఎప్పుడూ ఒక మనిషో జంతువో ఉంటుంది. సంగి దాన్ని తొట్టి మట్టిలో పడుకోబెట్టి మరిచిపోయింది. ఇవాళ చూస్తే మట్టిలోంచి పచ్చని మొన. తవ్వితే బొమ్మ గుడ్డ చీల్చుకుని వచ్చింది.

"బొమ్మ లేచింది" అని సంగి గుసగుసగా చెప్పింది, అది వినకుండా. మళ్ళీ కప్పెట్టాం. రోజంతా మాటలు మెల్లగానే ఆడాం.

బూటు ఈ చెమ్మకు తుప్పు పడుతుందని గుడ్డలో చుట్టి మంచం కిందే ఇంకా లోపలికి తోశాను.

జూలై 2

మట్టెడ్ల అమాస వస్తోంది. మా పుట్టింటి వైపు, బీదరు దారిలో, ఇది పెద్ద పండగ. పున్నమినాడు నిజం ఎడ్లకు చేస్తాం, అమాసనాడు మట్టి ఎడ్లకు. దున్నిన చేనిలోంచే మట్టి తేవాలి, ఏ మన్ను దున్నాయో ఆ మన్నుతోనే ఎద్దును చేయాలి. ఈ గల్లీలో మావైపు నుంచి వచ్చిన నాలుగిళ్ళవాళ్ళం చేసుకుంటాం. మిగతావాళ్ళు చూసి నేర్చుకున్నారు.

సదాశివ న్యాల్‌కల్ నుంచి గోనెసంచిలో నల్లరేగడి తెచ్చాడు. తడిపి, తొక్కి, ఇద్దరం కూచున్నాం. రేగడి చేతికి వెన్నలా వస్తుంది. మూపురం గుంజితే వచ్చేస్తుంది, గంగడోలు వేలితో నొక్కితే వచ్చేస్తుంది. కళ్ళకు జొన్నగింజలు. నేను నాలుగు చేశాను. సంగి ఒకటి చేసింది. ఒళ్ళంతా మూపురమే, దాని మొహం ఎటుందో అదే చెప్పాలి. నల్లోడని పేరు పెట్టింది.

మహబూబున్నీసా గోడ మీంచి చూసి, "రేగడి పగులుతది టీచరమ్మా, ఎర్రమన్ను కలుపు జర" అంది.

"ఆనవాయితీ" అన్నాను.

అప్పుడే రహమత్ గేటు దగ్గరికి వచ్చింది, వెనక దాని సైన్యం. "నానీ, ఈ యేడు కుంటెద్దు మీరిస్తరా? పోయినేడు మేం చేసింది వానకు కరిగిపోయింది."

అమాస మర్నాడు పిల్లలు కాలు లేని ఎద్దును పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతారు. కుంటెద్దొచ్చింది, జొన్నలెయ్యండి అని అడుగుతారు. ఎవరూ కాదనకూడదు, కాదంటే వాళ్ళ చేను పండదంటారు. వచ్చిన జొన్నలు గుగ్గిళ్ళు వండి పిల్లలందరికీ పెడతారు. నా చిన్నప్పుడు నేనూ తిరిగాను. పరికిణీ నిండా జొన్నలు.

"మా ఇంట్ల కుంటెడ్లుండవు" అన్నాను. కొంచెం గట్టిగానే అన్నాను. పిల్లలు పోయారు.

తిరిగి చూస్తే సంగి చేతిలో మట్టి అట్లాగే ఉంది. వేళ్ళు కదలడం లేదు.

జూలై 5

"నల్లరేగడి నేల తేమను పట్టి ఉంచును. ఎండినప్పుడు పగుళ్ళిచ్చును." ఎన్నేళ్ళు రాయించానో ఈ వాక్యాన్ని పిల్లల చేత. రాయకపోతే బెత్తం కూడా వాడాను.

పొద్దున లేచి చూస్తే నల్లోడి వెనక కాలు ఊడి పక్కన పడి ఉంది. నావి నాలుగూ బాగానే ఉన్నాయి, పొట్టకింద సన్నని గీతలు తప్ప. సంగి ఇంకా నిద్రలో ఉంది. వేపపుల్ల విరిచి, కాలికి గుచ్చి, ఒంటికి గుచ్చి, తడిమట్టి పూసి అతికించాను. ఆరబెట్టి, మూపురం తుడిచి, మిగతావాటి వెనక నిలబెట్టాను.

ఎవరికీ తెలియదు.

జూలై 7, అమాస

గూట్లో పసుపుబట్ట పరిచి ఐదింటినీ నిలబెట్టాం. గన్నేరుపూలు, బెల్లం, జొన్నకంకి. సంగి ఒక్కొక్కదానికీ బొట్టు పెట్టింది. నల్లోడి దగ్గర ఆగింది. పిల్లల వేళ్ళకు కళ్ళుంటాయి.

"అవ్వా, నల్లోని కాలుల పుల్ల ఉంది."

"ఉంటది. విరిగింది, అతికిచ్చిన."

"ఎందుకు?"

"నిలబడాలె గద."

"నిలబడి ఏం జేస్తది?"

"గూట్ల ఉంటది. మనం మొక్కుతం."

"బయటికి పోదా?"

"మంచియి బయటికి పోవు బిడ్డా. కుంటిదే పోతది."

అని నేనే అన్నాను. నా నోటితోనే. ఇంట్లోంచి ఊడ్చి పారేసిన మాట పూజగూటి ముందు నా నోట్లోంచే పడింది.

సంగి ఆలోచించింది. కిరసనాయిలు దీపం వత్తి పెంచుతున్నప్పుడు వెలుగు మెల్లగా గోడలకు పాకుతుందే, అట్లా ఆ మొహం.

"అయితే నల్లోడు పోతడు. పుల్ల తీసెయ్."

"రేపు చూద్దాం."

"తీసెయ్!"

ఏడ్చింది. కాలు ఊడిందని కాదు, అతికించానని. ఇట్లాంటి ఏడుపు నేను ఇంతవరకూ వినలేదు. బెల్లం ఇచ్చాను. విసిరేసింది. కథ చెప్పాను. చెవులు మూసుకుంది. అలిసి అక్కడే గూటి కింద నిద్రపోయింది, ఎడ్లవైపు వీపు తిప్పి.

జూలై 8

పొద్దున లేచేసరికి గూట్లో నాలుగే ఉన్నాయి.

కాగితపు గంపలో నల్లోడు పడుకుని ఉన్నాడు, మూడు కాళ్ళతో. పుల్లా, ఊడిన కాలూ గడప మీద పెట్టి ఉన్నాయి, ఎవరివో వాళ్ళకిచ్చేసినట్టు. సంగి మంచం కింద సగం దూరి దేన్నో లాగుతోంది. తోలు పట్టా చేతికి చుట్టుకుని, మడమ నేలకు తన్ని పెట్టి లాగుతోంది. గుడ్డ చుట్టిన బూటు గీరుకుంటూ బయటికి వచ్చింది.

"తొడుగు" అంది.

"వదులైతది బిడ్డా."

"తొడుగు అవ్వా."

కూచున్నాను. కాలు ఒళ్ళో పెట్టుకున్నాను. తాళ్ళు విప్పి, మడమ లోపలికి తోశాను. పోలేదు. మేజోడు తీసేసి మళ్ళీ తోశాను. వేళ్ళు ముందు తోలుకు ఆనుకున్నాయి. వదులుగా లేదు. బిగుతుగా ఉంది. పై పట్టా మొన్నటి రంధ్రానికి అందనే లేదు, బయటి రంధ్రానికి పెట్టాల్సి వచ్చింది. కడ్డీల మడత కీళ్ళు మోకాటికి కిందుగా ఉన్నాయి.

పిల్ల పెరిగింది. నా వాకిట్లో, నా ఒళ్ళో, కాగితాల మధ్య, మట్టి మధ్య, నా కళ్ళముందే పెరిగింది. నేను బొటనవేలు చూస్తూ కూచున్నాను. ఆ బొటనవేలి సంగతి ఇక రాయను.

"నొస్తుందా?"

"ఊహూ" అంది. నొస్తోంది. నాకు తెలుసు. తాళ్ళు వీలైనంత వదులు చేసి కట్టాను.

గేటు గొళ్ళెం నేనే తీశాను. రహమత్ అప్పటికే అక్కడుంది. ఈ పిల్ల గేటు బయటే కాపురముంటుందేమో. గంప ఒకవైపు తను పట్టుకుని, రెండోవైపు సంగికి ఇచ్చింది. రెండో చెయ్యి గోడకు. టక్కు. ఆగు. టక్కు. ఆగు. వెనక పిల్లలంతా అదే నడక నడిచారు. వెక్కిరింత అనుకుని నా నాలుక లేవబోయింది. కాదు. అది కుంటెద్దు నడక. ప్రతి ఏడూ అట్లాగే నడుస్తారు. మేమూ అట్లాగే నడిచాం.

మొదటి ఇల్లు మహబూబున్నీసాది. శేరుతో పోసింది జొన్నలు. పోసి వచ్చి నా పక్కన గేటు దగ్గర నిలబడింది.

వాన నీళ్ళు నిలిచిన చోట సంగి పడింది. ముందు గంప రహమత్‌కు వదిలి, తరవాత పడింది. నేను కదలబోతే మహబూబున్నీసా నా కొంగు పట్టుకుంది. "టీచరమ్మా. ఆగు జర."

ఆగాను. నా జీవితంలో ఎవరైనా ఆగమంటే ఆగిన సందర్భం ఇదొక్కటే. సంగి గోడ పట్టుకుని లేచింది. గౌను ముందంతా బురద. ఇన్నాళ్ళూ వెనక ఉండేది మన్ను.

ఎదురు వరసలో నాగవ్వ ఇల్లు. నాగవ్వ బయటికి వచ్చింది. గంపలో ఎద్దును చూసింది, బూటును చూసింది, చెంప మీద చెయ్యి వేసుకుంది. "అయ్యో! ఎద్దుకు తగ్గ..."

నా నోట్లో ఒక వాక్యం తయారైంది. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో అంత మంచి వాక్యం నాకు రాలేదు. కర్తా కర్మా క్రియా అన్నీ నాగవ్వే.

ఈలోగా సంగి గొంతు గల్లీ అంతా వినబడింది.

"అయ్యో గాదు. జొన్నలెయ్యి!"

పిల్లలంతా అందుకున్నారు. "జొన్నలెయ్యి! జొన్నలెయ్యి!"

నాగవ్వ చెయ్యి చెంప మీంచి దిగింది. లోపలికి పోయి చాట నిండా తెచ్చింది. పోస్తుంటే సంగి గంప అడుగున చెయ్యి పెట్టి పట్టుకుంది, బరువుకు తొమ్మిదో తరగతి సాంఘికశాస్త్రం ఎక్కడ చిరుగుతుందోనని. చిరగలేదు.

ఆ వాక్యం ఇంకా నా దగ్గరే ఉంది. ఇక్కడ రాయను. రాస్తే వాసన పోతుంది.

గల్లీ మలుపు తిరిగారు. తరవాత చప్పుడు మాత్రమే. టక్కు. ఆగు. టక్కు. కొంతసేపటికి అదీ లేదు. మహబూబున్నీసా, నేనూ గేటు పట్టుకుని, మబ్బుపట్టిన వెలుగులో, ఇద్దరు ముసలి పిల్లల్లా అటే చూస్తూ నిలబడిపోయాం. ఎంతసేపో తెలియదు. మళ్ళీ వినబడ్డప్పుడు, "వస్తున్నరు" అని ఇద్దరం ఒక్కసారే అన్నాం.

గుగ్గిళ్ళు మా వాకిట్లోనే వండాను. ఊగే కుర్చీ మీద రహమత్ కూచుని అటూ ఇటూ ఊగుతూ, "నానీ, ఈ కుర్చీ కుంటిది" అంది.

"అవును" అన్నాను. "ఇంకొంచెం ఉప్పు వేసుకో."

సంగి మడమ తోలు ఒరుసుకుని పొక్కింది. కొబ్బరినూనె రాస్తుంటే నిద్రపోయింది. నిద్రలో కూడా పిడికిలిలో జొన్నలు.

జూలై 10

కడ్డీలు పొడుగు చేయించాలి, బూటు పెద్దది కుట్టించాలి. సదాశివ శనివారం సెలవు పెట్టి సిటీకి తీసుకుపోతానన్నాడు. నేనూ వస్తానన్నాను. బస్సులో వెనక సీటు ముసలాళ్ళెవరైనా ఉంటే ఆ వాక్యం పనికొస్తుంది.

"అమ్మా, వానలు తగ్గినంక పోదామా?" అన్నాడు, మొహం గంభీరంగా పెట్టి. నా కొడుకే. కాదనలేను.

గూట్లో నాలుగెడ్లు ఎట్లా పెట్టినవి అట్లాగే ఉన్నాయి, బొట్లు కూడా చెరగలేదు. నల్లోణ్ణి పిల్లలు నిన్న బావిలో కలిపి వచ్చారు.

బాలమణి వచ్చేలోపు చిన్నవాడికి గిలక చేద్దామని జొన్నబెండు ముందేసుకుని కూచున్నాను. చీలికలు అందించే మనిషి లేక ఆలస్యమవుతోంది. రెండు విరిగాయి. పొద్దెక్కింది. తొట్టిలో అల్లం బొమ్మ రెండో ఆకు వేసింది. ఎవరికైనా చూపిద్దామంటే ఇంట్లో ఎవరూ లేరు. గల్లీ చివర ఎక్కడో టక్కు. ఆగు. టక్కు. వానలు నిన్నటి నుంచి తెరిపిచ్చాయి. గేటు బార్లా తెరిచి ఉంది.

దుమ్ము వస్తోంది. రానీ.